అకితా కుక్కల కోసం ఒదాతే దాకా: చూసినవి, బస, భోజనం

టోక్యో వచ్చిన మనవాళ్లు షిబుయా స్టేషన్ ముందు, చనిపోయిన యజమాని కోసం అక్కడే ఏళ్ల తరబడి ఎదురుచూసిన అకితా కుక్క హచికో విగ్రహం దగ్గర ఫొటో దిగకుండా వెళ్లరు. ఫొటో వరకు సరే, అకితా జాతి గురించి తెలుసుకోవాలంటే మాత్రం షిబుయాలో ఏమీ దొరకదు. విగ్రహానికి ఎడమ చెవి వాలిపోయి ఉంటుంది. అది ముసలితనంలో హచికో ఉన్న తీరు. అసలు అకితాకి రెండు చెవులూ నిక్కబొడుచుకుని, కొంచెం ముందుకు వంగి ఉండాలి. అలాంటివాటిని చూడాలంటే 1923లో హచికో పుట్టిన ఒదాతేకి వెళ్లాలి.

ఒదాతే హోన్షు దీవి ఉత్తరాన, అకితా ప్రిఫెక్చర్‌లో (మన రాష్ట్రం లాంటిది) ఉన్న చిన్న పట్నం. టోక్యో నుంచి కొమాచి షిన్‌కాన్‌సెన్‌లో (బుల్లెట్ రైలు) అకితా నగరానికి నాలుగు గంటలు పడుతుంది. అక్కణ్ణుంచి త్సుగారు ఎక్స్‌ప్రెస్‌లో ఇంకో గంటన్నర. టికెట్ ధర చూస్తే గుండె గుభేలుమంటుంది కాబట్టి జేఆర్ ఈస్ట్ రైలు పాస్ గిట్టుబాటవుతుందేమో ముందే లెక్కేసుకోండి. టోక్యోలోని హనేదా విమానాశ్రయం నుంచి ఒదాతే-నోషిరో విమానాశ్రయానికి ఫ్లైట్లు ఉన్నాయి గానీ రోజుకి కొన్నే.

స్టేషన్ దిగగానే ఎదురుగా 'అకితా ఇను నో సాతో' అనే అకితా కుక్కల కేంద్రం కనిపిస్తుంది. 2019లో తెరిచారు. హచికో కాలం నాటి షిబుయా స్టేషన్ నమూనాలో కట్టిన భవనం. కుక్కల్ని అద్దాల గదిలో చూడాలి, ముట్టుకోనివ్వరు. మేం వెళ్లినప్పుడు లోపలున్న కుక్క జనానికి వీపు పెట్టి హాయిగా నిద్రపోతోంది. పిల్లలు అద్దం కొట్టబోతే సిబ్బంది మర్యాదగానే ఆపారు. నా మటుకు నాకు అది కుక్కల కేంద్రం కన్నా బొమ్మల దుకాణంలా అనిపించింది. కుక్కలకి సెలవు రోజులు కూడా ఉంటాయి, వెబ్‌సైట్ చూసుకుని బయల్దేరండి.

డబ్బులూ టైమూ పెట్టాల్సింది మాత్రం అకితా జాతి సంరక్షణ సంఘం వారి మ్యూజియం మీద. పాత కోట స్థలంలోని పార్కు దగ్గర ఉంటుంది. హంగులేమీ లేవు, ఇంగ్లీషు బోర్డులు తక్కువ, ఫోన్‌లో ట్రాన్స్‌లేట్ యాప్ తప్పదు. అయినా ఓపిగ్గా చదివితే మనం చూస్తున్న కుక్క వెనక ఎంత కథ ఉందో తెలుస్తుంది. మొదట్లో ఇవి 'మతాగి' అనే కొండ వేటగాళ్ల వెంట ఎలుగుబంట్ల వేటకి వెళ్లేవి. తర్వాత కుక్కల పందేల పిచ్చి పట్టుకుంది. ఇంకా భారీగా పెరగాలని తోసా అనే జపాన్ పందెం కుక్కలతో, యూరప్ నుంచి వచ్చిన పెద్ద జాతులతో కలిపారు. అసలు రూపం చెరిగిపోతోందని గ్రహించి 1927లో ఊరి మేయరే సంరక్షణ సంఘం పెట్టించాడు. 1931లో ప్రభుత్వం జాతీయ సహజ సంపదగా ప్రకటించింది. జపాన్ కుక్కల్లో ఆ గుర్తింపు మొదట దక్కింది అకితాకే. అంతలో రెండో ప్రపంచ యుద్ధం వచ్చింది. తిండి లేదు, పైగా చర్మం కోసం కుక్కల్ని పట్టుకుపోయేవారు. జర్మన్ షెపర్డులను మాత్రం వదిలేసేవారు కాబట్టి కొందరు వాటితో సంకరం చేయించి తమ కుక్కల్ని కాపాడుకున్నారు. యుద్ధం ముగిశాక మిగిలిన కొద్దిపాటి కుక్కలతో పాత రూపాన్ని ఏరి ఏరి తిరిగి తెచ్చుకున్నారు. అమెరికన్ సైనికులు పట్టుకెళ్లిన కుక్కల సంతానం మటుకు వేరే దారి పట్టింది. నల్ల మూతి, వెడల్పు తలతో కనిపించే అమెరికన్ అకితా ఇదే. హెలెన్ కెల్లర్ 1937లో అకితా ప్రిఫెక్చర్‌కి వచ్చి ఒక అకితా కావాలని అడిగితే కమికాజే అనే కూనని ఇచ్చారు. అది త్వరలోనే జబ్బుచేసి చనిపోతే 1939లో దాని అన్న కెన్‌జాన్‌ని పంపారు.

పార్కులో ఒకాయన ఎర్ర అకితాని నడిపిస్తుంటే అడిగి ముట్టుకున్నాను. పైవెంట్రుక బిరుసు, లోపల మాత్రం దూది పరుపే, వేళ్లు దిగిపోతాయి. బుగ్గలు, గొంతు, పొట్ట తెల్లన. తోక వీపు మీదకి చుట్ట చుట్టుకుని ఉంది. మగవి దాదాపు 67 సెంటీమీటర్ల ఎత్తు పెరుగుతాయి. మొరగలేదు, తోక ఊపలేదు, నన్ను ఒక చూపు చూసి యజమాని వైపు తిరిగిపోయింది. యజమాని తప్ప లోకంతో పనిలేని స్వభావం దీనిది. సాటి కుక్కలతోనూ అంతంతమాత్రమే. మంచుకి పుట్టిన ఈ బొచ్చుతో విజయవాడ మే నెలలో పెంచాలనుకునేవాళ్లు ఒకసారి దాన్ని తాకి చూస్తే చాలు.

బసకి స్టేషన్ దగ్గర బిజినెస్ హోటల్ చౌక, శుభ్రం, గది మాత్రం ఇరుకు. ఊరి బయట వేడినీటి బుగ్గ ఉన్న సత్రంలో రెండు పూటలా భోజనం పెట్టారు, బాగుంది. కానీ సాయంత్రమైతే బస్సులుండవు. టాక్సీ పిలవమంటే రిసెప్షన్‌లో తల ఊపి మర్చిపోయారు, ఆ రాత్రి ఎక్స్‌ప్రెస్ తప్పిపోతుందేమోనని ఒకటే టెన్షన్.

తిండిలో స్టేషన్ దగ్గర దొరికే కోడి అన్నం డబ్బా, తోరిమెషి, తప్పక తినండి. ఇక్కడి హినాయ్ నాటుకోడి పులుసులో ఉడికించే కిరితాంపో కూడా ఎంతో బాగుంటుంది. అన్నాన్ని దంచి కర్రకి పట్టించి కాల్చి వేస్తారు. శాకాహారులకి కష్టమే. అదే కర్ర అన్నానికి మిసో (పులియబెట్టిన సోయా ముద్ద) రాసి కాల్చి ఇచ్చేది ఉంది, మిసోలో చేపల రసం కలిసిందేమో అడగండి.

చలికి ఓర్చుకోగలిగితే ఫిబ్రవరి రెండో వారాంతంలో జరిగే మిఠాయి సంత, అమెక్కో ఇచికి వెళ్లండి. ఆ రోజు మిఠాయి తింటే జలుబు చేయదని ఊళ్లో నమ్మకం. మంచులో అకితాలు వరసగా ఊరేగింపుగా నడుస్తాయి. గదులు మాత్రం చాలా ముందే బుక్ చేసుకోవాలి.