ఉబుంటునా, యుబంటునా? ఈస్పీక్ ఎన్జీ తెలుగు గొంతుకి ఒక చిన్న పరీక్ష

కంప్యూటర్‌ని తెర చూసి కాకుండా విని వాడేవాళ్లకు పేరు పలికే తీరు చాదస్తం కాదు. విన్నదాన్ని బట్టే స్పెల్లింగ్ ఊహిస్తారు, ఊహించిన స్పెల్లింగ్‌తోనే వెతుకుతారు. సూసె అన్న ఆపరేటింగ్ సిస్టమ్ పేరు చెవిలో ‘సూసీ’ అని పడితే వేలు ఎస్, యూ, సీ దగ్గరికి పోతుంది. అందుకే రాసినదాన్ని చదివి వినిపించే ఈస్పీక్ ఎన్జీ సాఫ్ట్‌వేర్ మొత్తాన్నీ తూకం వేయకుండా ఒక్క పని మీదే చూశాం: ఆపరేటింగ్ సిస్టమ్‌ల పేర్లు ఇస్తే తెలుగు గొంతు ఏం చేస్తుంది, చెడగొట్టిన చోట మనం ఎలా దిద్దుకోవాలి.

ముందు సరుకు సంగతి. ఈస్పీక్‌ని జొనాథన్ డడింగ్టన్ 1995లో ఏకార్న్ కంప్యూటర్ల మీద నడిచే రిస్క్ ఓ ఎస్ కోసం మొదలుపెట్టారు. (ఆ పేరునే తెలియనివాళ్లు ‘ఆర్, ఐ, ఎస్, సీ’ అని విడివిడిగా చదువుతారు. రిస్క్ అనే అనాలి.) 2015 చివర్లో రీస్ డన్ దాన్ని వేరుగా చీల్చి ఈస్పీక్ ఎన్జీ అని పేరు పెట్టారు. వందకు పైగా భాషలు, యాసలు ఉన్నాయి, అందులో తెలుగు ఒకటి. డబ్బు కట్టక్కర్లేదు, ఇంటర్నెట్ అక్కర్లేదు, డిస్కులో తీసుకునేది కొద్ది మెగాబైట్లే. విండోస్‌లో ఎన్‌వీడీఏ అనే స్క్రీన్ రీడర్ (తెర మీదిది చదివి వినిపించే ప్రోగ్రామ్) వేసుకుంటే దాంతోపాటే వస్తుంది. మనిషి గొంతు రికార్డింగులు అతికించి కాకుండా ధ్వనిని లెక్క కట్టి పుట్టిస్తుంది కాబట్టి రేకు డబ్బాలో మాట్లాడినట్టు ఉంటుంది. తియ్యదనం కోరేవాళ్లు ఇక్కడే ఆగిపోవచ్చు.

దీనికి రెండు నోళ్లున్నాయని గుర్తుపెట్టుకుంటే సగం చిక్కు విడిపోతుంది. తెలుగు అక్షరాల్లో ఉన్న మాటను తెలుగు నియమాలతో చదువుతుంది. మధ్యలో ఇంగ్లీషు అక్షరాలు తగిలితే ఆ మాట వరకూ ఇంగ్లీషు నియమాలకు మారుతుంది. అంటే ఒకే వాక్యంలో ఒకే పేరు, ఒకసారి తెలుగులోనూ ఒకసారి ఇంగ్లీషులోనూ రాసి ఉంటే, రెండు వేరు వేరు వస్తువుల్లా వినిపించవచ్చు. తెలుగులో రాసినదాన్ని ఉన్నదున్నట్టు చదువుతుంది కాబట్టి, అక్కడ తప్పు వినబడితే ముందు అనుమానించాల్సింది రాసినవాళ్లనే.

లినక్స్ తీసుకోండి. ఈ పేరు విషయంలో తీర్పు చెప్పడానికి సాక్ష్యం ఉంది. 1994లో లినక్స్ సృష్టికర్త లీనుస్ టోర్వాల్డ్స్ స్వయంగా తన గొంతు రికార్డు చేసి పెట్టిన చిన్న ఆడియో ఫైలు కెర్నల్ డాట్ ఆర్గ్‌లో ‘సిల్లీ సౌండ్స్’ అనే ఫోల్డర్‌లో ఉంది, ఇంగ్లీషులో ఒకటి, స్వీడిష్‌లో ఒకటి. సన్ కంపెనీ వాడిన ఏయూ ఫార్మాట్ కాబట్టి కొన్ని ఫోన్ ప్లేయర్లు తెరవవు. లినక్స్ మెషీన్‌లో ఏప్లే కమాండ్ చాలు. తన పేరు చెప్పుకుని, లినక్స్‌ని నేను లినక్స్ అనే పలుకుతాను అంటాడు, అంతే. జాగ్రత్తగా వింటే మొదటి అచ్చు ‘ఈ’ వైపు మొగ్గుతుంది, రెండోది పొట్టిగా ‘ఉ’ దగ్గర ఆగుతుంది, ‘అ’ మాత్రం కాదు. తెలుగు లిపిలో దానికి దగ్గరగా రాయాలంటే ‘లీనుక్స్’ అని రాయాలి. మనం స్థిరపరుచుకున్నది ‘లినక్స్’, అందులో ఉన్న ‘అ’ మన సొంతం. అయినా దాన్ని తప్పనక్కర్లేదు. ‘లైనక్స్’ మాత్రం వేరే దారిలో వచ్చింది: ఇంగ్లీషువాళ్లు లీనుస్‌ని లైనస్ అంటారు, ఆ అచ్చు లినక్స్‌కీ అంటుకుంది. అమీర్‌పేట క్లాసుల్లో అదీ వినిపిస్తుంది. ఇంటర్వ్యూలో దాని వల్ల ఉద్యోగం పోదు కానీ, రాతలో ‘లైనక్స్’ అని పెడితే ఈస్పీక్ ఆ ‘ఐ’ని సాగదీసి మరీ చదువుతుంది.

పేరు చివర పొల్లు సంగతి ఇక్కడే చెప్పుకోవాలి. ‘లినక్స్’ అని రాస్తే చివరి ‘క్స్’ గాలిలో తేలిపోతుంది, వేగం పెంచితే మింగేసినట్టే. ‘లినక్సు’ అని అచ్చుతో ముగిస్తే మాట గట్టిగా దిగుతుంది. అజంత భాషకి అదే సహజం. ‘లినక్సులో’, ‘విండోసుకి’ అని రాస్తే, పొల్లు తర్వాతి అక్షరంతో కలవకుండా పెట్టే కనబడని గుర్తు, అదే నాన్ జాయినర్, దాని గొడవ కూడా ఉండదు. పాతకాలపు రాతలా ఉందని ముఖం చిట్లించేవాళ్లు ఉంటారు, వాళ్లిష్టం.

గ్నూ దగ్గర తెలుగుకి ఎదురులేదు. 1983లో స్టాల్‌మన్ ఈ స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ప్రాజెక్టు ప్రకటించినప్పటి నుంచీ ఇంగ్లీషువాళ్లకు ఇది తలనొప్పే, ఎందుకంటే వాళ్ల నియమంలో ‘న’ ముందు వచ్చే ‘గ’ మౌనం. గ్నూ ప్రాజెక్టువాళ్లే ఆ ‘గ’ పలకాలని, మొత్తం ఒకే అక్షరంగా అనాలని రాసి పెట్టారు. ‘అగ్ని’, ‘నగ్నం’ నోరారా పలికేవాళ్లకు ఇది పాఠమే కాదు. తెలుగులో ‘గ్నూ’ అని రాసిస్తే గొంతు చక్కగా అంటుంది. ఇంగ్లీషు అక్షరాల్లో వదిలేస్తే అక్షరాలుగా విడదీస్తుందో, ‘న్యూ’ అంటుందో అన్న బెంగ ఉంటుంది. దిద్దుబాటు జాబితాలో మొదట ఎక్కించాల్సిన పేరు ఇదే.

లినక్స్ రకాల పేర్లకు వద్దాం. ఉబుంటు ఆఫ్రికా నుంచి వచ్చిన మాట, జులూ, ఖోసా భాషల్లోది. మూడూ ఉకారాలే, ‘యు’ ఎక్కడా లేదు, మధ్యలో ‘అ’ కూడా లేదు. మనవాళ్లు ‘యుబంటు’ అనడం ఇంగ్లీషు స్పెల్లింగ్‌ని ఇంగ్లీషులా చదవడం వల్ల వచ్చిందే. పేరు రోమన్ లిపిలో ఉన్నంత మాత్రాన ఇంగ్లీషు మాట అయిపోదు. కుబుంటు, లుబుంటు ఇదే వరస. జుబుంటు మొదటి ధ్వనికి మాత్రం తెలుగులో సరైన అక్షరం లేదు, ‘జ’తో సర్దుకోవాలి. డెబియన్ పేరు డెబ్రా, ఇయన్ అన్న ఇద్దరి పేర్లు కలిపి 1993లో పెట్టినది, కాబట్టి ‘డీబియన్’ కాదు. సూసె చివర పొట్టి అచ్చు ఉంది, ‘సూస్’ అని తెంపకూడదు. ఆర్చ్‌లో ఉన్నది ‘చ’, ‘ఆర్క్’ కాదు. సెంటోస్ అన్నా సెంట్ ఓ ఎస్ అన్నా అర్థమవుతుంది, దాని గురించి పోట్లాడటం దండగ.

అక్షరాలతో ఏర్పడిన పేర్లే అసలు పరీక్ష. యాపిల్ 2001లో తెచ్చిన మ్యాక్ ఓ ఎస్ పేరు చివర ఉన్న ‘ఎక్స్’ రోమన్ అంకె, దాన్ని ‘టెన్’ అనాలి. 2016లో పేరు మార్చేశాక కొత్త గొడవ లేదు గానీ పాత డాక్యుమెంట్లు ఇంకా ఉన్నాయి. చెప్పకపోతే గొంతు దాన్ని ‘ఎక్స్’ అనే చదివే అవకాశం ఎక్కువ, యంత్రానికి చరిత్ర తెలియదు కదా. తెలుగులో ‘ఓఎస్’ అని కలిపి రాస్తే రెండు అచ్చులూ ఒకదాని మీద ఒకటి జారినట్టు ఉంటుంది. మధ్యలో ఖాళీ వదిలి ‘ఓ ఎస్’ అని రాయండి, రెండు అక్షరాలని చెవికి తెలుస్తుంది. ‘మ్యాక్’లో ఉన్నది నిజానికి ‘యా’ కాదు, ‘అ’కి, ‘ఎ’కి మధ్య ధ్వని. మనం దాన్ని ‘్యా’తో రాసి సరిగ్గా చదువుకుంటాం, యంత్రం మాత్రం యకారాన్ని ఒత్తి పలుకుతుంది. దీనికి తెలుగు లిపిలో మందు లేదు. డాస్‌దీ అదే కథ: మరాఠీవాళ్లకు ఆ అచ్చుకి ప్రత్యేకమైన గుర్తు ఉంది, మనకు ‘డా’ తప్ప గతి లేదు. ‘డోస్’ అంటే మందు డోసు అవుతుంది. చెన్నైలోని ప్రభుత్వ పరిశోధన సంస్థ సీడాక్‌వాళ్ల భారత్ ఆపరేటింగ్ సిస్టమ్ సొల్యూషన్స్‌ని పొట్టిగా ‘బాస్’ అనేయండి, అక్షరాలు విడదీయక్కర్లేదు. హైదరాబాద్ నుంచి వచ్చిన ‘స్వేచ్ఛ’ తెలుగు లిపిలో ఉంటే ఒత్తుతో సహా దిగుతుంది. ఇంగ్లీషు స్పెల్లింగ్‌లో ఆ ఒత్తుకి చోటు లేదు, ఇంగ్లీషు నోటికి వదిలితే పేరు ఆనవాలు పట్టడం కష్టం.

ఇక దిద్దుబాటు. ఎన్‌వీడీఏ కీతో (మామూలుగా ఇన్సర్ట్) పాటు ఎన్ నొక్కితే మెనూ వస్తుంది. ప్రిఫరెన్సెస్‌లో స్పీచ్ డిక్షనరీస్‌కి వెళ్లండి. మూడు ఉంటాయి. టెంపరరీలో పెట్టింది ఎన్‌వీడీఏ మూసేస్తే పోతుంది. డిఫాల్ట్‌లో పెట్టింది అన్ని గొంతులకూ వర్తిస్తుంది. వాయిస్ డిక్షనరీ అప్పుడు నడుస్తున్న గొంతుకే. ఇంగ్లీషు పేరును తెలుగు అక్షరాలతో మార్చాలంటే వాయిస్ డిక్షనరీలోనే పెట్టండి. డిఫాల్ట్‌లో పెడితే రేపు వేరే ఇంగ్లీషు గొంతుకి మారినప్పుడు, తెలుగు లిపి రాని ఆ గొంతు ఆ చోట తడబడుతుంది. యాడ్ నొక్కి, ప్యాటర్న్ గడిలో తెరమీద ఉన్న రూపం, రీప్లేస్‌మెంట్‌లో పలకాల్సిన రూపం ఇవ్వాలి.

కింద ఉన్న టైప్ అన్న ఎంపిక దగ్గరే అందరూ దెబ్బతినేది. ‘ఎనీవేర్’ అంటే మాట మధ్యలో తగిలినా మార్చేస్తుంది. డాస్‌కి అలా పెట్టారనుకోండి, ఇంగ్లీషు అక్షరాల్లో ఉన్న మెనూ చదివిస్తే మసాలా దోశ కాస్తా ‘మసాలా డాస్ ఎ’ అవుతుంది, ఎందుకంటే ఆ స్పెల్లింగ్‌లో మొదటి మూడక్షరాలూ అవే. ఐ ఓ ఎస్ పెడితే ‘కియోస్క్’ చెడుతుంది, ఆర్చ్ పెడితే ‘సెర్చ్’ చెడుతుంది. పొట్టి పేర్లకు ‘హోల్ వర్డ్’ పెట్టాలి. మరి అన్నిటికీ అదే పెడితే? ఇంగ్లీషులో లినక్స్ రాసి ఖాళీ లేకుండా తెలుగు ‘లో’ తగిలించే అలవాటు మనకుంది. అక్కడ ఇంగ్లీషు ఎక్స్, తెలుగు ‘ల’ రెండూ అక్షరాలే కాబట్టి మధ్యలో పద సరిహద్దు ఉన్నట్టు లెక్కలోకి రాదు, మార్పు జరగదు. పొడుగ్గా ఉండి మరే మాటలోనూ ఇరుక్కోని పేర్లకు, అంటే లినక్స్, డెబియన్‌లకు, ‘ఎనీవేర్’ ధైర్యంగా పెట్టుకోవచ్చు.

తెలుగు అక్షరాల్లో ఉన్న పేర్లను దిద్దేటప్పుడు ‘హోల్ వర్డ్’ని నమ్మొద్దు. ఎన్‌వీడీఏ పైథాన్‌లో రాసింది. మాటలు వెతకడానికి పైథాన్ వాడే రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్‌లో పద సరిహద్దు లెక్కకి పొల్లు, గుణింతపు గుర్తులు అక్షరాలు కావు. ఫలితంగా ‘లైనక్స్’ తర్వాత ఖాళీ వస్తే అక్కడ సరిహద్దే లేదంటుంది. ఎనీవేర్ పెట్టండి, ఇంకో చిట్కా కూడా వాడండి: ప్యాటర్న్‌లో చివరి పొల్లు తీసేసి ‘లైనక్స’ అని, రీప్లేస్‌మెంట్‌లో ‘లినక్స’ అని ఇవ్వండి. యూనికోడ్‌లో పొల్లూ ఉకారమూ విడి గుర్తులు కాబట్టి లైనక్స్, లైనక్సు, లైనక్సులో మూడూ ఒక్క ఎంట్రీతో దారికొస్తాయి, విభక్తి ఉన్నచోటే ఉంటుంది. పెట్టాక రెండు మూడు వాక్యాలు చదివించి వినండి, వెర్షన్‌ని బట్టి ఎంపికల పేర్లు కాస్త మారొచ్చు.

లినక్స్ మీద వాడేవాళ్లకు ఇంకా లోతుకి దారి ఉంది. కమాండ్ లైన్‌లో ఈస్పీక్ ఎన్జీకి మైనస్ వీ తర్వాత టీఈ అని ఇస్తే తెలుగు గొంతు. మైనస్ ఎస్‌తో వేగం: మామూలుగా నిమిషానికి 175 మాటలు, పేర్లు పరీక్షించడానికి 120 పెట్టండి. రెండు గీతలతో ఐపీఏ అని చేరిస్తే పలికేది ధ్వని లిపిలో అచ్చవుతుంది, చెవి మీద అనుమానం ఉన్నప్పుడు ఇదే రుజువు. ఏ నియమం ఏ అక్షరానికి తగిలిందో చూడాలంటే పెద్ద ఎక్స్ ఆప్షన్. సొంత పేర్ల కోసం టీఈ అండర్‌స్కోర్ ఎక్స్‌ట్రా అనే ఫైలు రాసి కంపైల్ చేయాలి. దానికి కావలసిన నియమాల ఫైళ్లు ఉబుంటు, డెబియన్ ప్యాకేజీలో రావు, సోర్స్ కోడ్ దించుకుని డిక్ట్‌సోర్స్ ఫోల్డర్‌లో నిలబడి కమాండ్ ఇవ్వాలి. ప్యాకేజీ అప్‌డేట్ వచ్చిన రోజు మీ కంపైల్ చేసిన నిఘంటువు మీద కొత్తది వచ్చి కూర్చుంటుంది. మళ్లీ చేసుకోవాలి, తప్పదు.

ఎడ్జ్ బ్రౌజర్‌లో బిగ్గరగా చదివే శ్రుతి, మోహన్ గొంతులు వింటే ఈస్పీక్ మీద మనసు విరగడం ఖాయం. అయితే వాటికి ఇంటర్నెట్ కావాలి, పేరు తప్పు పలికితే దిద్దుకునే నిఘంటువు మన చేతికి ఇవ్వరు. కథ వినాలంటే అవి, రోజంతా టెర్మినల్‌లో పనంటే ఇది. పేర్ల పరీక్ష వరకూ అయిదుకి మూడున్నర ఇవ్వొచ్చు. కోసిన ఒకటిన్నరలో ఒకటి గొంతుకి, అర ‘మ్యాక్’కి.

దిద్దిన పేర్లను ఇంకో మెషీన్‌కి తీసుకెళ్లాలంటే ఎన్‌వీడీఏ సెట్టింగుల ఫోల్డర్‌లో స్పీచ్‌డిక్ట్స్ అనే ఫోల్డర్‌ని కాపీ చేస్తే సరి. లోపలివి మామూలు టెక్స్ట్ ఫైళ్లే, వరుసకి నాలుగు గడులు, మధ్యలో ట్యాబ్. నోట్‌ప్యాడ్‌లో తెరిచి చేత్తో దిద్దేటప్పుడు ట్యాబ్ పోయి స్పేస్ పడిందంటే ఆ వరుస పనిచేయదు, తెర మీద చూస్తే రెండూ ఒకేలా ఉంటాయి.