కీమోకి జుట్టు పోతుంటే గుండా, విగ్గా, నూలుగుడ్డా?

క్యాన్సర్‌కి మొదటి కీమో అయిన పదహారో రోజున అమ్మ దువ్వెన పట్టుకుని పెరట్లో నిలబడిపోయింది. "ఏటే ఇది, ముట్టుకుంటే వచ్చేస్తంది!" రెండు మూడు వారాల్లో మొదలవుతుందని డాక్టరు ముందే చెప్పారు. ఎక్కించింది ఎర్రరంగు డాక్సోరూబిసిన్. గబగబా పెరిగే కణాల్ని చంపే మందది, జుట్టు కుదుళ్లూ అలాంటివే. ఒడిశాలోని మా బరంపురం నుంచి విశాఖకి 21 రోజులకోసారి రైల్లో తిరిగిన ఆ నెలల్లో అన్నీ చేసి చూశాం.

మన ఇళ్లలో ఆడవాళ్లకి గుండంటే మొక్కైనా కావాలి, లేదా వెనకటి వైధవ్యం గుర్తొస్తుంది. నాన్న ఉండగా గుండేమిటని అమ్మ ఏడ్చింది. నేను బలవంతపెట్టలేదు. ముందు భుజాల దాకా, వారానికి చెవుల దాకా కత్తిరించాం. దిండుమీద పొట్టి వెంట్రుకలు కనిపిస్తే పొడుగువాటంత బెంగ రాదు. చివరికి తనే "తీసీ" అంది. ట్రిమ్మరే వాడాం. కీమోలో తెల్లకణాలు తగ్గుతాయి కాబట్టి బ్లేడు గాటు పడితే ఇన్‌ఫెక్షన్ భయం.

విగ్గు కొనేట్టయితే జుట్టుండగానే వెళ్లండి, రంగు సరిపోల్చుకోవచ్చు. వెనక బిగించుకునే పట్టీ ఉండాలి, జుట్టు పోయాక తల కొలత తగ్గుతుంది. అసలు జుట్టుది ఖరీదు. మేం సింథటిక్ తీసుకున్నాం. పొయ్యి సెగ తగిలితే అది పాడవుతుంది, మా ఊరి ఉక్కలో గంట ఉంచుకోవడమే కష్టం. మా ఊరి జాతర ఠాకురాణీ యాత్రలో అమ్మవారి ఘటం మా వీధికి వచ్చిన రాత్రి గుమ్మంలో నిలబడడానికి పెట్టుకుంది. ఆ ఒక్క రాత్రికీ దాని డబ్బు దండగ కాలేదనిపించింది.

రోజూ వాడుకకి మాత్రం నా ఓటు నూలుగుడ్డకే. పట్టు నేసే ఊరు కదా అని మొదట పట్టుముక్క కట్టాం, నున్నటి తలమీద జారిపోయింది. బాగా ఉతికిన పాత నేతచీరలోంచి మీటరు చదరం కోసి, మూలగా మడిచి కడితే రోజంతా కదల్లేదు. పైగా ఇక్కడ ఒడియా కోడళ్లు తలమీద కొంగు కప్పుకుంటారు. అమ్మ గుడ్డమీద కొంగు లాక్కుంటే బజార్లో ఎవరూ తిరిగి చూసేవారు కాదు. శ్రీకాకుళం చుట్టాలింట్లో మాత్రం "తలమీద కొంగేటి వదినా?" అని అడిగారు.

మందెక్కించేటప్పుడు తలకి చల్లటి టోపీ పెట్టే పద్ధతీ ఉంది. రక్తనాళాలు ముడుచుకుని కుదుళ్లకి మందు తక్కువ చేరుతుంది. కొందరికే పనిచేస్తుంది, రక్త క్యాన్సర్లకి పెట్టరు, అన్ని ఆసుపత్రుల్లోనూ ఉండదు. మొదటి కీమోకి ముందే అడగాలి.

మూడో కీమో తర్వాత కనుబొమ్మలూ రెప్పవెంట్రుకలూ కూడా పోయాయి. దానికి మేం సిద్ధపడి లేం. కనుబొమ్మలు పెన్సిలుతో పొద్దున్నే నేను గీసేదాన్ని. రెప్పవెంట్రుకలు లేకపోతే కళ్లలో దుమ్ము పడుతుంది, బయటికెళ్తే కళ్లద్దాలు పెట్టించండి.