సెకండ్ హ్యాండ్ ఆటోమేటిక్ గేరు తేడా కొడితే ఫస్ట్ యాడికి పోవాల? కంపెనీ సర్వీసా, మన షెడ్డా, బెంగళూరు గేర్‌బాక్స్ వాళ్లా?

మన కడప, ప్రొద్దుటూరు, రాయచోటి పక్క ఇప్పుడు ఆటోమేటిక్ బండ్లు బాగా కనపడతాండాయి, సెకండ్ హ్యాండ్‌లో కొన్నవైతే చానా మటుకు కేఏ నంబరువే, బెంగళూరులో ఎవరో నాలుగైదేండ్లు ఆఫీసుకు తిప్పి అమ్మేసినవి. మీటరు చూస్తే 40 వేలు ఉంటాది, తక్కువే తిరిగింది కదా అని తెచ్చుకుంటాం. కానీ ఆ 40 వేలు సిల్క్ బోర్డు ట్రాఫిక్కులో పాకుతా పాకుతా తిరిగినవైతే క్లచ్చి, గేర్‌బాక్స్ పడిన కష్టం మీటర్లో కనపడదు. ఇంటికొచ్చిన కొన్ని దినాలకే డి (ముందుకు పోయే గేరు) లో వేస్తే దడ్‌మని కొడతాది, రివర్సు వేస్తే ఆలోచించి ఆలోచించి కదుల్తాది, రెండు నుంచి మూడుకు పోయేటప్పుడు ఆర్‌పీఎం (ఇంజన్ తిరిగే వేగం) లేస్తాది గానీ బండి ముందుకు పోదు. అప్పుడు ఒకరు కంపెనీకి పొమ్మంటారు, ఒకరు మన షెడ్డులో ఆయిలు మార్పిస్తే సాలంటారు, ఇంకొకరు నేరుగా బెంగళూరులో గేర్‌బాక్సులు విప్పే వాళ్ల దగ్గరికి పొమ్మంటారు.

నేనైతే చెప్పేది ఒకటే, జబ్బేందో చెప్పించుకునే చోటు వేరే, రిపేరు చేయించే చోటు వేరేగా పెట్టుకోండి. మొదటి దినమే గేర్‌బాక్స్ దించనీయొద్దండి. దించినాక మన చేతిలో ఏమీ ఉండదు, వాళ్లు రాసిందే బిల్లు.

ఎవరి దగ్గరికి పోయే ముందైనా మన బండిలో ఉండే గేర్‌బాక్స్ ఏ రకమో తెలుసుకోవాల, చానా మందికి ఇదే తెలీదు, ఆటోమేటిక్ అంటే అన్నీ ఒకటే అనుకుంటారు. మన పక్కన పెనుకొండ దగ్గర కియా ఫ్యాక్టరీలో 2019 నుంచి తయారైన సెల్టాస్‌నే తీసుకోండి, మొదట వచ్చిన బండ్లలోనే ఆటోమేటిక్ మూడు రకాలు ఉండాయి: 1.5 పెట్రోలుకు ఐవీటీ అనే సీవీటీ (విడివిడి గేర్లు లేకుండా బెల్టు, పుల్లీల మీద నడిచేది), డీజిల్‌కు ఆరు గేర్ల టార్క్ కన్వర్టరు (ఇంజన్ శక్తిని ఆయిలు ద్వారా గేర్లకు అందించేది), 1.4 టర్బోకు ఏడు గేర్ల డీసీటీ (రెండు క్లచ్చిలు ఉండేది). పేరు ఒకటే, రంగు ఒకటే, లోపల మూడూ మూడు రకాల మిషన్లు. ఇక మారుతి వాళ్లు 2014లో సెలెరియోతో తెచ్చిన ఏఎంటీ ఇంకో రకం, అది అసలు మామూలు మాన్యువల్ గేర్‌బాక్సే, మనం కాలితో తొక్కే క్లచ్చిని, చేత్తో వేసే గేరుని మోటారు, హైడ్రాలిక్ ఒత్తిడి కలిసి చేస్తాయి, అంతే.

రకం తెలిస్తే సగం భయం పోతాది. ఏఎంటీ ఒకటి నుంచి రెండుకు మారేటప్పుడు తల ఊపినట్టు ఊపడం దాని గుణం, రోగం కాదు. సీవీటీలో గట్టిగా తొక్కితే ఆర్‌పీఎం ముందు లేచి స్పీడు ఎనకాల రావడం కూడా అంతే. డీసీటీ నిదానంగా పాకేటప్పుడు కొద్దిగా తట్టినట్టు ఉంటాది. టార్క్ కన్వర్టరు మాత్రం మెత్తగా పోవాల, అది కొడతాందంటే నిజంగానే ఏదో ఉండాది.

ఇప్పుడు ఖర్చు లేని పని. పొద్దున్నే చల్లటి బండి స్టార్ట్ చేసి బ్రేకు తొక్కి పి (పార్కింగు) నుంచి ఆర్ (రివర్సు), ఆర్ నుంచి డి వేసి సూడండి, రెండు సెకన్లు దాటినా పట్టుకోకపోతే రాసి పెట్టుకోండి. తర్వాత గువ్వలచెరువు ఘాట్ ఎక్కించండి, మనకు దానికంటే మంచి టెస్టు ట్రాకు లేదు, ఎక్కుడు మీద లోడు పడితే జారే గేర్‌బాక్స్ దాక్కోలేదు. కోవా అంగళ్ల దగ్గర ఆపి వేడి మీదనే మళ్లీ ఆర్, డి వేసి సూడండి. చల్లగా ఉన్నప్పుడు బాగుండి వేడెక్కినాక జారుతాందంటే ఆయిలు, లోపలి ప్రెజరు, క్లచ్చి వైపు అనుమానం పడాల, వేడైనా చల్లనైనా ఒకే రకంగా దడ్‌మంటాందంటే ముందు ఇంజన్ మౌంటింగులు (ఇంజన్‌ని బండికి పట్టి ఉంచే రబ్బరు దిమ్మలు) చూపించాల. మేలో మన ఎండ 43, 44 డిగ్రీలు ఉంటాది కాబట్టి చలికాలంలో కొన్న బండి లోపం ఎండాకాలంలో బయటపడడం కూడా మామూలే.

ఇది చేసినాక మన షెడ్డుకే ముందు పోండి, కానీ గేర్‌బాక్స్ కోసం కాదు, బయటి వాటి కోసం. మౌంటింగులు అరిగితే డి వేసినప్పుడు తన్నినట్టు ఉంటాది, ఒక ప్లగ్గో కాయిలో పోయి ఇంజన్ మిస్ కొడతా ఉంటే అది గేరు జర్కు లాగే ఉంటాది, బ్యాటరీ వీకైతే ఏఎంటీ పిచ్చి పిచ్చిగా చేస్తాది, బ్రేకు స్విచ్చి పోతే పి లో నుంచి లివరు కదలనే కదలదు. ఇవన్నీ మన మెకానిక్కులు కండ్లు మూసుకుని చెప్తారు, తక్కువలో అయిపోతాది, ఈ పని మీద నాకు వాళ్లంటే నమ్మకం ఎక్కువ, కంపెనీలో ఒక్కోసారి మౌంటింగు చూడకుండానే గేర్‌బాక్స్ ఎస్టిమేటు చేతికిస్తారు. షెడ్డులో భయపడాల్సింది ఒక్క ఆయిలు దగ్గరే. ఏ ఆటోమేటిక్‌కైనా ఒకే ఏటీఎఫ్ (ఆటోమేటిక్ గేర్‌బాక్స్ ఆయిలు) పోస్తే సాలనే మాట వినొద్దండి. సీవీటీలో స్టీలు బెల్టు రెండు పుల్లీల మధ్య పట్టు మీద తిరుగుతాది, దానికి దాని ఆయిలే పోయాల, హోండా సిటీ సీవీటీకి హెచ్‌సీఎఫ్-2 అని వేరే ఉంటాది, మామూలు ఏటీఎఫ్ పోస్తే బాగుండే బెల్టు కూడా చెడిపోతాది.

మౌంటింగు, ప్లగ్గులు, బ్యాటరీ అన్నీ బాగుండాయంటే అప్పుడు కంపెనీ సర్వీసు సెంటరుకు. ఎందుకంటే స్కానింగు. మనం ఆన్‌లైన్‌లో తెప్పించుకుని బండికి గుచ్చి ఫోన్లో చూసే బ్లూటూత్ డాంగిల్ చానా వరకు ఇంజన్ కంప్యూటరునే చదువుతాది, గేర్‌బాక్స్ కంప్యూటరు లోపలికి పోలేదు. పీ0700 అనే తప్పు కోడు చూపించిందంటే గేర్‌బాక్స్ కంప్యూటర్లో ఏదో ఉంది, దాన్నే అడగండి అని అర్థం, అంతకు మించి ఏమీ కాదు. అడిగే స్కానరు ఉంటే పీ0730 గేరు నిష్పత్తి కుదరలేదని, పీ0741 టార్క్ కన్వర్టరు లాకప్పు క్లచ్చి (ఇంజన్‌ని, గేర్‌బాక్స్‌ని నేరుగా కలిపేది) పట్టుకోలేదని, ఇట్ల అసలు సంగతి బయటికొస్తాది. అయినా ఆ డాంగిల్ ఒక పనికి బాగా పనికొస్తాది, కొనే ముందు రెడీనెస్ మానిటర్లు (బండి కంప్యూటరు తనకు తానే చేసుకునే పరీక్షలు అయినాయో లేదో చూపించేవి) సూడండి, అన్నీ పూర్తి కాలేదు అని చూపిస్తాంటే బ్యాటరీ తీసైనా ఉండాల, అమ్మేవాళ్లు ఈ మధ్యనే కోడ్లు చెరిపేసైనా ఉండాల.

కంపెనీకి పోయినప్పుడు జాబ్ కార్డులో డయాగ్నసిస్ మాత్రమే అని రాయించండి, దానికి అడిగిన డబ్బులు ఇచ్చేయండి, కోడ్లు స్క్రీను మీద ఉన్నప్పుడే ఫోటో తీసుకోండి, చెరపనీయొద్దండి. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ ఉందా, అడాప్టేషన్ (గేర్లు ఎప్పుడు, ఎట్ల మార్చాలో కంప్యూటరు నేర్చుకున్న లెక్క) మళ్లీ నేర్పించొచ్చా అని అడగండి, కొన్ని జర్కులు దాంతోనే పోతాయి. పాత సర్వీసు హిస్టరీ కూడా అక్కడే తీయించుకోండి, ఆయిలు ఎప్పుడు మార్చినారో, మీటరు ఎనక్కి తిప్పినారో లేదో రెండూ తెలుస్తాయి. రిపేరు సంగతికొస్తే మాత్రం అక్కడ లోపల విప్పి ఒక్క సోలినాయిడు (ఆయిలు దారిని తెరిచి మూసే కరెంటు వాల్వు) మార్చడం తక్కువ, మొత్తం అసెంబ్లీ మార్చాలంటారు, బిల్లు లక్ష దాటిపోతాది.

బెంగళూరు దాకా పోవాల్సింది లోపల విప్పక తప్పదని కోడ్లతో తేలినాకనే. అక్కడ దినమూ ఇవే విప్పే వాళ్లు ఉంటారు, అరిగిన క్లచ్చి ప్లేట్లు, వాల్వ్ బాడీ (ఆయిలు ప్రెజరును దారి మళ్లించే భాగం), డీసీటీ మెకట్రానిక్ యూనిట్టు (గేర్లు మార్చే కంప్యూటరు, వాల్వులు కలిసిన పెట్టె) ఏది పోతే అది మాత్రం చేస్తారు. కానీ కడప నుంచి 250 కిలోమీటర్ల పైనే, చేసినాక మళ్లీ చిన్న తేడా వచ్చినా అంత దూరం పోవాల. జారుతాండే బండిని నడిపించుకుని పోవద్దండి, ఉన్న క్లచ్చి కూడా కాలిపోతాది. తాడు కట్టి లాగించడం అంతకంటే తప్పు, ఇంజన్ ఆఫ్‌లో ఉంటే చానా ఆటోమేటిక్కుల్లో ఆయిలు పంపు తిరగదు, చక్రాలు తిరుగుతాంటే లోపల ఎండిపోతాది. నాలుగు చక్రాలూ పైకెక్కే ఫ్లాట్‌బెడ్డు మీదనే పంపండి.

కాబట్టి ఏఎంటీ అయితే క్లచ్చి పని మన ఊర్లోనే చేయించండి, మార్చినాక స్కానరుతో క్లచ్చి లర్నింగ్ (కొత్త క్లచ్చి ఎక్కడ పట్టుకుంటాదో కంప్యూటరుకు నేర్పడం) చేయగలిగే షెడ్డు అయితే సాలు, అది చేయకపోతే కొత్త క్లచ్చి కూడా కొడతాది. టార్క్ కన్వర్టరు, సీవీటీ అయితే కోడ్లు చూసి, గట్టి కోడు లేకుంటే ముందు ఆయిలు మార్పించి సూడండి. ఏటీఎఫ్ నల్లగా మారి కాలిన వాసన వస్తాంటే, గేర్‌బాక్స్ ఆయిలు చాంబరు లోపలి అయస్కాంతం మీద మెత్తటి బూడిద కాకుండా లోహం ముక్కలు కనపడితే, ఆయిలుతో పోయేది కాదు. ఒక్కసారి డ్రెయిన్ చేస్తే పాత ఆయిలంతా రాదు, కన్వర్టర్లో చానా మిగిలిపోతాది, అందుకే కొన్ని వందల కిలోమీటర్లు తిప్పి మళ్లీ మారుస్తారు. అట్లని ప్రెజరు పెట్టి ఫ్లష్ కొట్టించడం నాకైతే ఇష్టం లేదు, ముఖ్యంగా ఎప్పుడూ మార్చని బండికి. పోలో జీటీ టీఎస్ఐ, వెంటోలో వచ్చిన ఏడు గేర్ల డీఎస్‌జీ (ఫోక్స్‌వ్యాగన్ వాళ్ల డీసీటీ పేరు) గానీ, వెన్యూ, సోనెట్ టర్బో డీసీటీ గానీ డ్రై క్లచ్చివి, వాటి వణుకు ఆయిలు మారిస్తే పోదు, వాటి క్లచ్చి అసలు ఆయిల్లో మునిగి ఉండదు కాబట్టి. వీటికి మాత్రం కంపెనీ స్కానింగు అయినాక నేరుగా బెంగళూరే, మధ్యలో ప్రయోగాలు వద్దు.

ఇంకొక సంగతి, బండిని ఏదైనా యూజ్డ్ కార్ల కంపెనీ దగ్గర వారంటీతో కొనింటే ఈ వరస మొత్తం మారిపోతాది. ఆ కాగితంలో గేర్‌బాక్స్ ఉందో లేదో, ఎన్ని దినాలో, బయట విప్పితే ఏం రాసినారో ముందు చదవండి. వారంటీ ఉంటే షెడ్డులో ఒక్క బోల్టు విప్పనీయకుండా జర్కు వచ్చేటప్పుడు ఆర్‌పీఎం మీటరు కనపడేటట్టు వీడియో తీసి, అదే దినం వాళ్లకు మెయిల్ పెట్టి, బండి వాళ్లు చెప్పిన చోటికే పంపండి.