నల్లగొండలో ఒక భోజనం, బల్ల మీదికి రాని మంచినీళ్లు

పానగల్లు ఛాయా సోమేశ్వరాలయం చూడాలని మా చిన్నమ్మకు ఎన్నాళ్ల కోరికో. పుట్టి పెరిగింది మర్రిగూడ వైపే అయినా నల్లగొండ అంటే ఆమెకు ఆసుపత్రి పనులు, కచేరీ పనులే. గుడికి వెళ్లే తీరిక దొరకలేదు. మొన్న శనివారం అమ్మనూ ఆమెనూ కారులో ఎక్కించుకుని హైదరాబాదు నుంచి పొద్దున్నే బయలుదేరాను. నార్కట్‌పల్లి దగ్గర విజయవాడ రహదారిని వదిలితే అక్కడి నుంచి నల్లగొండ ఎంతో దూరం లేదు.

గుడి కందూరు చోడుల కాలం నాటిది. ఒకే మండపం చుట్టూ మూడు గర్భాలయాలు ఉన్నాయి. వాటిలో ఒకదానిలో లింగం వెనుక గోడ మీద ఒక స్తంభం నీడ పడుతుంది. సూర్యుడు ఎటు తిరిగినా ఆ నీడ పగలంతా కదలదు. రెండు మూడు వైపుల నుంచి స్తంభాల మధ్యగా వచ్చే వెలుగులో వేర్వేరు నీడలు ఒకేచోట కలిసి అలా నిలబడతాయట. చిన్నమ్మ ఆ వివరణ విని తల ఊపింది కానీ, ఆ నీడ ఏ స్తంభానిదో వెతుక్కుంటూ అరగంట మండపమంతా తిరిగింది. నా మటుకు ఆ అరగంట కోసమే ఈ ప్రయాణం చేయవచ్చు. జనం తక్కువ. చుట్టూ పొలాలు, పక్కనే ఉదయ సముద్రం చెరువు. పుట్టంగండి దగ్గర సాగర్ జలాశయం నుంచి ఎత్తిపోసిన కృష్ణ నీరు అక్కంపల్లి మీదుగా ఈ చెరువుకు వస్తుంది. చెరువు నిండా నీళ్లు చూసి చిన్నమ్మ చాలాసేపు మాట్లాడలేదు. ఫ్లోరైడ్ నీళ్లతో ఎముకలు వంగిపోయిన మనుషుల మధ్య పెరిగింది ఆమె. చిన్నప్పుడు మంచినీళ్ల బిందె కోసం ఎంత దూరం నడిచేవాళ్లో ఆ తర్వాత కారులో చెప్పింది.

ఈ మాటలు చెవిలో ఉండగానే భోజనానికి వెళ్లాం కాబట్టే అక్కడ జరిగింది నాకు అంతగా గుచ్చుకుంది.

పట్టణంలో కొత్తగా పెట్టిన బార్ అండ్ రెస్టారెంట్ అది. పేరు రాయను. కుటుంబాలకు వేరే హాలు ఉందని ఫోనులో చెప్పారు. వెళ్లి చూస్తే మధ్యలో ఒక గాజు తలుపు, అంతే. ఇత్తడి దీపాలు, నల్లరాతి గోడలు, మెత్తని కుర్చీలు, అన్నీ అందంగానే ఉన్నాయి. మరుగుదొడ్లు శుభ్రంగా ఉన్నాయి, అది ఒప్పుకోవాలి. కానీ మధ్యాహ్నం ఒంటిగంటకు ఫోను దీపం వేసుకుంటే తప్ప మెనూ కనబడలేదు. పాటల మోత తగ్గించమంటే తగ్గించారు, పది నిమిషాలకు మళ్లీ పెంచారు.

కూర్చున్నాక ఎవరూ నీళ్లు పెట్టలేదు. "నాయనా, కాసిని మంచినీళ్లు ఇయ్యి" అని చిన్నమ్మ అడిగింది. "మామూలు నీళ్లు లేవమ్మా, సీసా తెస్తాను" అన్నాడు వడ్డించే అబ్బాయి. రెండు సీసాలు, ఒక్కోటి 60 రూపాయలు. ఆ కుర్రవాడి తప్పు కాదు, అతని మొహంలోనే ఇబ్బంది కనిపించింది. ఇంటికి ఎవరు వచ్చినా ముందు చెంబుతో నీళ్లు ఇచ్చే మనుషులం మనం. నీళ్ల కోసం ఇన్నేళ్లు అల్లాడిన జిల్లాలో, కృష్ణ నీరు ఊళ్లోకి వచ్చాక కూడా, భోజనానికి కూర్చున్న పెద్దావిడకు గ్లాసుడు నీళ్లు లేవని చెప్పించడం నాకు నిజంగా బాధ కలిగించింది.

1.10కి చెప్పిన భోజనం 2.05కి వచ్చింది. మెనూలో జొన్నరొట్టె చూసి అమ్మ ముచ్చటపడింది. వచ్చిన రొట్టె అంచులు పైకి లేచి, మధ్యలో తడిగా, చుట్టూ అట్టలా ఉంది. అమ్మ తుంచబోతే పటుక్కున విరిగి ముక్క బల్ల కిందికి ఎగిరింది. ఎప్పుడో కాల్చి పెట్టి మళ్లీ వేడి చేశారన్నమాట. అప్పుడే చేత్తో తట్టి పెనం మీద వేసిన రొట్టె సంగతి ఆ వంటగదికి తెలిస్తే దాన్ని అలా పంపరు. చేపల పులుసులో చింతపండు జాడ లేదు. టమాటా తీపి, పైన నూనె. ముల్లు లేని తెల్లటి ముక్కలు నోట్లో పిండిలా విడిపోయాయి, ఒకటి లోపల ఇంకా చల్లగా ఉంది. ఏం చేప అని అడిగితే కనుక్కుని చెబుతానని వెళ్లిన అబ్బాయి తిరిగి రాలేదు. నాలుగు కిలోమీటర్ల దూరంలో అంత చెరువు పెట్టుకుని! నాటుకోడి వేపుడు మాత్రం కారంగా, తినగలిగేలా ఉంది.

బిల్లులో తిండికీ నీళ్లకూ కలిపి 1,860 రూపాయలు, సర్వీసు చార్జి పది శాతం 186, ఆ మొత్తం మీద జీఎస్టీ. సర్వీసు చార్జిని హోటళ్లు తమంతట తాము బిల్లులో కలపకూడదని కేంద్ర వినియోగదారుల రక్షణ సంస్థ 2022 జులైలోనే మార్గదర్శకాలు ఇచ్చింది. ఢిల్లీ హైకోర్టు 2025 మార్చిలో వాటిని సమర్థించింది. మేనేజరుకు ఇదే చెప్పాను. "అందరూ ఇస్తున్నారండీ" అన్నాడు. వినియోగదారుల ఫిర్యాదుల నంబరు 1915కు ఫోను చేస్తానన్నాక సర్వీసు చార్జి తీసేశాడు. 1,953 కట్టి బయటపడ్డాం. ఆ కుర్రవాడికి విడిగా వంద చేతిలో పెట్టాను. అడగకుండా బిల్లులో కలిపితే కోపం వచ్చింది కానీ ఇవ్వడానికి నాకేమీ కష్టం లేదు.

ఆలస్యమైనందుకు పానగల్లులోనే ఉన్న మరో గుడి, పచ్చల సోమేశ్వరాలయం హడావుడిగా చూడాల్సి వచ్చింది. గోడల నిండా చెక్కిన భారత, రామాయణ ఘట్టాలకు గంట సరిపోలేదు. అక్కడి మ్యూజియం సగంలోనే వదిలేశాం. వెళ్లేవాళ్లు పానగల్లుకు పూర్తి పూట కేటాయించండి, పెద్దవాళ్లు ఉంటే భోజనం ఇంటి నుంచే కట్టుకుని వెళ్లండి.

రాత్రికి సాగర్‌లో దిగాం. గది మామూలుదే, దుప్పట్లు మాత్రం ఉతికినవి, కిటికీలోంచి జలాశయం కనబడుతుంది. పొద్దున్నే చిన్నమ్మ సంచిలోంచి ఆ 60 రూపాయల సీసా తీసింది, సగం ఇంకా అలాగే ఉంది. పారేస్తానేమోనని దాచుకుందట. నీళ్ల వైపు చూస్తూ కిటికీ దగ్గరే నిలబడి తాగింది.