ట్రెక్ డఫెల్ బ్యాగ్, కొన్నేళ్ళు వాడాక: మూతకి ఫుల్ మార్కులు, జిప్‌కి మాత్రం ఆలోచించాలి

90 లీటర్ల ఈ డఫెల్‌కి, అంటే ఫ్రేమ్ లేని మెత్తటి పొడవాటి సంచికి, ఎన్ని జేబులు, ఏ గుడ్డ, ఏ రంగులు అనేవి ఎక్కడైనా దొరుకుతాయి, అవన్నీ వదిలేస్తున్నా. నాకు దీని మూత గురించి చెప్పాలని ఉంది. జిప్ మూడు వైపులా తిరిగి మూత మొత్తం పుస్తకం అట్టలా వెనక్కి పడిపోతుంది చూడండి, అదంటే నాకు ప్రాణం. వీపున వేసుకునే రక్‌సాక్ అయితే పైనుంచి చెయ్యి పెట్టి దేవుకోవాలి, అడుగునున్న సాక్స్ కావాలంటే సామానంతా కుమ్మరించాల్సిందే. ఇందులో మూత తీస్తే అన్నీ ఒక్క చూపులో కనిపిస్తాయి. ఎవరెస్ట్ బేస్ క్యాంప్ దారిలో లాడ్జి గదులు ఎంత ఇరుకో వెళ్ళినవాళ్ళకి తెలుసు, రెండు మంచాల మధ్య నించోడానికే చోటుండదు, అక్కడ బ్యాగ్ మంచం మీద పెట్టి హెడ్‌ల్యాంప్ వెలుతుర్లో కావాల్సింది తీసుకుని మూసేస్తే పనైపోయేది.

మెత్తటి బ్యాగ్ కావడం కూడా కలిసొచ్చింది. ఎవరెస్ట్ నడక మొదలయ్యే లుక్లా ఊరికి వెళ్ళే ఫ్లైట్‌కి మామూలుగా చేతి సామానుతో కలిపి 15 కిలోలే ఇస్తారు, చక్రాల బ్యాగ్ అయితే ఖాళీదే అందులో చాలా తినేస్తుంది. పైగా అక్కడ పోర్టర్లు రెండు డఫెల్స్ కలిపి తాడుతో కట్టి నుదుటి పట్టీ మీద మోస్తారు, గట్టి ఫ్రేమ్ ఉంటే వాళ్ళ వీపుకే నొప్పి, ఈ సంగతి కొనేముందు ఎవరూ ఆలోచించరు, ఆలోచించాలి.

ఇక టాంజానియాలోని కిలిమంజారో కొండ మీద జరిగింది. అడవి దాటి పైకెళ్ళేకొద్దీ దారంతా సన్నటి దుమ్ము, అగ్నిపర్వతం కదా, పిండి కంటే మెత్తగా ఉంటుంది, బ్యాగ్ ఎక్కడ దించితే అక్కడ జిప్‌లోకి దూరిపోతుంది. బరాఫు క్యాంప్ ఉండేది 4,673 మీటర్ల ఎత్తులో, అర్ధరాత్రి శిఖరానికి బయల్దేరేది అక్కణ్ణుంచే. బయల్దేరేముందు డౌన్ జాకెట్ (మెత్తటి ఈకలు కూరింది) తీసుకుని బ్యాగ్ జిప్ వేస్తుంటే రన్నర్, అదే మనం పట్టుకుని లాగే ముక్క, సాఫీగానే నడుస్తోంది కానీ దాని వెనకాలే జిప్ విడిపోతూ వస్తోంది. వెనక్కి లాగి మళ్ళీ వేస్తే కాస్త దూరం పట్టుకుని మళ్ళీ నోరు తెరిచింది. గ్లౌజులు తీస్తే వేళ్ళు మొద్దుబారిపోతున్నాయి, వేసుకుంటే రన్నర్ చేతికి దొరకదు, బయట గైడ్ టైమ్ అయిందని పిలుస్తున్నాడు, తల ప్రాణం తోకకొచ్చింది.

అప్పుడు ఆదుకున్నవి పక్కనుండే బిగింపు పట్టీలు, అంతకుముందు వాటిని నేను పట్టించుకున్నదే లేదు. రెండు పట్టీలూ మూత మీంచి తిప్పి క్లిప్ పెట్టి గట్టిగా లాగితే బ్యాగ్ నోరు మూసుకుంది. పాస్‌పోర్ట్, డబ్బులు ఎలాగూ ఒంటి మీదే ఉన్నాయి కాబట్టి బ్యాగ్ టెంట్‌లో వదిలేసి ధైర్యంగా వెళ్ళాను. దిగొచ్చాక వంటవాళ్ళ టెంట్ నుంచి ఒకతను కటింగ్ ప్లయర్ తెచ్చి రన్నర్‌ని ఒకసారి ఎడమవైపు, ఒకసారి కుడివైపు మెల్లగా నొక్కాడు, మరీ గట్టిగా నొక్కితే విరుగుతుందట. అంతే, పట్టుకుంది! కొండ దిగే దారి చివరనుండే మ్వేకా గేటు దాకా మళ్ళీ మాట తేలేదు.

తర్వాత విషయం అర్థమైంది. ఇలాంటి బ్యాగుల జిప్‌లో ఉండేవి విడివిడి పళ్ళు కావు, మెలికలు తిప్పిన నైలాన్ తీగ, అది చెడేది తక్కువ. అరిగేది రన్నరే. దుమ్ము మీద లాగీ లాగీ లోపలి అంచులు అరిగి వదులవుతుంది, ఇక రెండు వరసల్నీ దగ్గరికి నొక్కలేదు. మూత ఎంత పెద్దదైతే జిప్ అంత పొడవు, బ్యాగ్ కుక్కినప్పుడు దాని మీద లాగుడూ అంత ఎక్కువ. అంటే నాకు నచ్చిన చోటే దీని బలహీనత కూడా ఉంది. ఇప్పుడు రోజూ సాయంత్రం పాత టూత్‌బ్రష్‌తో జిప్ దులుపుతా, ఒక స్పేర్ రన్నర్ వెంట ఉంచుకుంటా.

వాన సంగతి కూడా చెప్పాలి. గుడ్డలోంచి చుక్క దిగదు, మొదట్లో అందరికీ వాటర్‌ప్రూఫ్ అనే చెప్పేదాన్ని. కానీ వానలో ఎక్కువసేపు ఉంటే కుట్ల దగ్గర, జిప్ దగ్గర తడి దిగుతుంది. డౌన్ స్లీపింగ్ బ్యాగ్ తడిస్తే ఉబ్బదు, వెచ్చదనం పోతుంది, కాబట్టి దాన్ని నీళ్ళు చొరని డ్రై బ్యాగ్‌లో పెట్టే ఇందులో పెట్టాలి. టాంజానియాలో ప్లాస్టిక్ కవర్లు 2019 జూన్ నుంచి నిషేధం, కవర్లలో చుట్టుకుని వెళ్దామనుకుంటే అక్కడ కుదరదు.

కొనచ్చా అంటే, పోర్టర్లు మోసే ట్రెక్‌లకైతే నేను మళ్ళీ ఇదే కొంటా, నావి ఎక్కువగా అవే. సొంతంగా మోసుకునేవాళ్ళకి మాత్రం చెప్పను, భుజం పట్టీలున్నాయి కానీ నడుం బెల్ట్ లేదు, ఎయిర్‌పోర్ట్ నుంచి బస్సు దాకా ఓకే, కొండ మీద రోజంతా అంటే భుజాలు ఊడిపోతాయి. సామాను కిక్కిరిసేలా కుక్కే అలవాటుంటే కూడా ఒకటికి రెండుసార్లు ఆలోచించండి, నాది 15 కిలోలు దాటదు కాబట్టి ఈ మాత్రమైనా నిలిచిందేమో.