ఇంజిన్ ఆపి చూస్తేనే తెలిసింది: మూడేళ్ళుగా వాడుతున్న డీజిల్ స్కానర్ గురించి

ఇంజిన్ కంప్యూటర్‌కు తగిలిస్తే లోపాల కోడ్లు చదివి చెప్పే ఈ స్కానర్ కొని మూడేళ్ళు దాటింది. తెర ఎంత, ఎన్ని కంపెనీల ఇంజిన్లకు పనికివస్తుంది లాంటివి పెట్టె మీదే రాసి ఉంటాయి కనుక వాటి జోలికి వెళ్ళను. దీని మీద నాకు అభిమానం కలగడానికి ఒకే ఒక్క సదుపాయం కారణం. సెన్సర్లు ఆ క్షణంలో ఏ విలువ పంపుతున్నాయో తెర మీద వరుసగా చూపిస్తుంది. కోడ్ చదివే పరికరాలకు కొదవ లేదు. ఆ కోడ్‌ను ఎంతవరకు నమ్మాలో తేల్చుకోవడానికి నాకు ఉపయోగపడింది మాత్రం ఈ పట్టికే.

మాది 20 టన్నుల ప్రొక్లెయిన్. విదేశంలో పనిచేసి వచ్చిన పాత యంత్రం కావడంతో పొగలోని మసిని పట్టే ఫిల్టరూ ఉంది, పొగలోని నైట్రోజన్ వాయువులను తగ్గించే యాడ్‌బ్లూ ద్రవం ట్యాంకూ ఉంది. కొన్ని నెలలు చీమకుర్తి క్వారీల్లో గ్రానైట్ తుక్కు ఎత్తుతుంది, కొన్ని నెలలు కొత్తపట్నం వైపు రొయ్యల చెరువులు తవ్వుతుంది. అక్కడ రాతిపొడి, ఇక్కడ ఉప్పునీరు. రెండూ వైర్లకు శత్రువులే.

నిరుడు వేసవి మొదట్లో చెరువు పని మధ్యలో పసుపు దీపం వెలిగింది. కాసేపటికి ఇంజిన్ బలం తగ్గిపోయింది. బకెట్ నిండితే చాలు, బూమ్ పైకి లేవడానికి ఆయాసపడుతోంది. స్కానర్ పెడితే 3251, పక్కన 16. మొదటి అంకె ఏ భాగమో చెబుతుంది, రెండోది దాని తప్పు ఎలాంటిదో చెబుతుంది. 3251 అంటే మసి ఫిల్టరుకు ముందూ వెనకా పొగ ఒత్తిడిలో ఉన్న తేడా. రెండో అంకె 3 అయితే వోల్టేజి మితిమీరి ఎక్కువ, 4 అయితే మరీ తక్కువ, 5 అయితే కరెంటు దారి తెగింది అనుకోవచ్చు. 16 అలాంటిది కాదు. సెన్సర్ బాగానే మాట్లాడుతోంది, అది చెప్పే విలువే ఉండాల్సినదానికన్నా ఎక్కువ అని దాని అర్థం.

అందుకే ఒంగోలు నుంచి వచ్చిన మెకానిక్ కోడ్ చూడగానే, "అన్నా, ఫిల్టర్ పూడిపోయింది. మార్చక తప్పదు" అన్నాడు. అతని తర్కంలో తప్పు లేదు. కానీ కొత్త ఫిల్టర్ ధర విన్నాక నాకు ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

తెల్లవారుజామున ఐదున్నరకే చెరువు గట్టుకు వెళ్ళాను. రాత్రంతా ఆగి ఉన్న యంత్రం, చల్లగా ఉంది. తాళం మాత్రం తిప్పాను, ఇంజిన్ స్టార్ట్ చేయలేదు. పొగే లేనప్పుడు ఫిల్టరుకు రెండు వైపులా ఒత్తిడి ఒకటే కనుక తేడా సున్నా చూపాలి. తెర మీద 2.4 కిలోపాస్కల్ అని ఉంది. సెన్సరుకు వెళ్ళే రెండు సన్నని గొట్టాలూ ఊడదీశాను, వాటిలో మసి గాని తేమ గాని అడ్డుపడిందేమో అని. గొట్టాలు శుభ్రంగానే ఉన్నాయి. రెండు రంధ్రాలూ బయటి గాలికి తెరుచుకుని ఉన్నా అదే 2.4. అంటే ఆ అంకెలో ఫిల్టర్ పాత్ర ఏమీ లేదు.

సెన్సర్ చెడిందనుకుని అక్కడే ఆగిపోయేవాడిని. కానీ అదే తెర మీద, కింది వరుసల్లో, పొగ ఉష్ణోగ్రత చూపే మూడు సెన్సర్ల విలువలు కూడా ఉన్నాయి. చల్లారిన యంత్రంలో మూడూ బయటి వేడికి దగ్గరగా ఉండాలి. రెండు 27, 28 డిగ్రీలు చూపుతున్నాయి. ఫిల్టర్ ముందుండేది 128 చూపుతోంది. ఒత్తిడిదీ, ఈ వేడిదీ, రెండు సెన్సర్లు ఒకే రోజు, అదీ ఒకే దిక్కుకు తప్పడం కాకతాళీయం అనిపించలేదు. వైరింగ్ చిత్రం తీసి చూస్తే ఆ రెండింటికీ ఎర్త్ వైరు ఒకటే.

కనెక్టర్ పీకకుండానే వెనక నుంచి సన్నని సూది దించి, ఎర్త్ పిన్నుకూ బ్యాటరీ మైనస్‌కూ మధ్య మల్టీమీటర్ పెట్టాను. దాదాపు సున్నా రావలసిన చోట 0.3 వోల్టులు వచ్చింది. ఎర్త్ వోల్టేజి అంత పైకి లేస్తే దాని మీద ఆధారపడిన ప్రతి సిగ్నలూ దానితో పాటే పైకి లేస్తుంది. ఇంజిన్ కంప్యూటర్ దాన్ని ఒకచోట ఒత్తిడి అనుకుంది, మరొకచోట వేడి అనుకుంది. వైరు వెంట వెతుక్కుంటూ వెళితే ఇంజిన్ వెనక, ఎప్పుడో ఎవరో టేపు చుట్టిన అతుకు కనిపించింది. టేపు విప్పితే రాగి మొత్తం పచ్చగా చిలుము పట్టి ఉంది. మంచి రాగి తగిలేదాకా కత్తిరించి, టంకం పెట్టి, వేడికి ముడుచుకునే స్లీవు వేశాను. ఒత్తిడి తేడా సున్నాకు దిగింది, మూడు ఉష్ణోగ్రతలూ ఒక డిగ్రీ అటూ ఇటూగా నిలిచాయి. ఆ ఉదయం కలిగిన సంతోషం ఇప్పటికీ గుర్తుంది. పది గంటలకు బకెట్ మళ్ళీ మట్టిలో దిగింది.

ఆ వారంలో కనిపించిన వాళ్ళందరికీ ఈ పరికరం కొనమని చెప్పాను. అప్పుడు చెప్పని సంగతులు కొన్ని ఉన్నాయి. ఆ ఫిల్టర్ పూర్తిగా నిర్దోషి కాదు. ఎర్త్ బాగుపడ్డాక కూడా పూర్తి లోడు మీద ఒత్తిడి కొంచెం ఎక్కువగానే ఉండేది. ఆరు నెలల తర్వాత విప్పి శుభ్రం చేయించక తప్పలేదు. మార్చాల్సిన అవసరం రాలేదు కానీ, మెకానిక్ మాటలో సగం నిజం ఉంది.

ఇంకొకటి నాకు డబ్బు ఖర్చు పెట్టించింది. ఒకసారి సైలెన్సర్ వైపు నాక్స్ సెన్సర్ (పొగలో నైట్రోజన్ ఆక్సైడ్లను కొలిచేది) విలువ 3076.75 పీపీఎం అని చూపింది. భయపడి కొత్త సెన్సర్ తెప్పించాను. అదీ అదే అంకె చూపింది! పొగ తగినంత వేడెక్కి, తేమ ఆరేదాకా ఆ సెన్సర్ కొలవడం మొదలుపెట్టదు. అప్పటిదాకా 'విలువ లేదు' అనే సంకేతం పంపుతుంది. మంచి పరికరమైతే ఆ చోట గీతలు చూపాలి. ఇది ఆ సంకేతాన్ని కూడా లెక్కకట్టి అంకెగా చూపిస్తుంది. మూడేళ్ళలో ఇన్ని అప్‌డేట్లు వచ్చినా ఈ తప్పు సరిదిద్దలేదు. ఇది నాకు బాధగానే ఉంది. అంకెలు నమ్మి కొన్నవాడికి అంకెల్లోనే మోసం జరగకూడదు.

యంత్రాన్ని నిలబెట్టి ఫిల్టర్లో పేరుకున్న మసి కాల్చే ఆదేశం మా యంత్రానికి ఈ స్కానర్ ఇవ్వలేదు. దానికి కంపెనీ వారి లాప్‌టాప్ రావలసిందే. క్వారీ ఎండలో తెర కనిపించదు, తల మీద తువ్వాలు కప్పుకుని చూడాలి. కోడ్ చెరిపే బటన్ మాత్రం ఆపరేటర్ల చేతికి ఇవ్వకండి. కోడ్ పడిన క్షణంలో నమోదైన విలువలు కూడా దానితో పాటే పోతాయి.

కొనాలా అని అడిగితే, నా మాట నా పరిస్థితికే సరిపోతుంది. నాకున్నది ఒక్క యంత్రం, వారంటీ ఎప్పుడో ముగిసింది, మల్టీమీటర్ పట్టడం వచ్చు, వైరింగ్ చిత్రం సంపాదించుకున్నాను. ఈ నాలుగింటిలో చివరి రెండూ లేకపోతే ఇది కోడ్లు చదవడానికే మిగిలిపోతుంది. మన దగ్గర టైర్ల యంత్రాలకు 2021 ఏప్రిల్ నుంచి నాలుగో దశ, 2025 జనవరి నుంచి ఐదో దశ ఉద్గార నిబంధనలు వచ్చాయి కనుక ఊళ్ళలో తిరిగే జేసీబీల వాళ్ళు కూడా ఇలాంటివి వెతుకుతున్నారు. కొత్త బండి వారంటీలో ఉంటే తొందరపడవద్దనే చెబుతాను. ఈ ఏడాది అప్‌డేట్ రుసుము కట్టాలా వద్దా అని నేనే ఇంకా తేల్చుకోలేదు. కట్టకపోయినా ఆ విలువల పట్టిక పనిచేస్తూనే ఉంటుందని అమ్మిన వారు అంటున్నారు. అదే నిజమైతే నాకు అది చాలు.