రైతుకు ఏ గొంతు అక్కరకొస్తుంది: కాల్ సెంటరా, ఊరి రేడియోనా?

హైదరాబాదులో కూర్చుని పల్లెకు సాంకేతికత అందించాలంటే మనకు ముందుగా గుర్తొచ్చేది ఫోనే. రైతులకు సాగు సలహాలిచ్చే ప్రభుత్వ ఫోన్ సేవ, 2004 జనవరిలో మొదలైన కిసాన్ కాల్ సెంటర్ నంబరు 1800-180-1551. ఖర్చు లేదు, తెలుగులోనే మాట్లాడవచ్చు, మామూలు ఫోను చాలు. కానీ అవతలి మనిషి చేను చూడలేదు. రైతు వర్ణించినంత మేరకే సలహా సరిపోతుంది.

జహీరాబాదు దగ్గర మాచునూరులోని సంఘం రేడియో దారి వేరు. దక్కన్ డెవలప్‌మెంట్ సొసైటీ అనే స్వచ్ఛంద సంస్థ అండతో 2008 అక్టోబరులో మొదలైన ఆ కేంద్రాన్ని నడిపేది దళిత మహిళలు. జొన్న, కొర్ర, విత్తనం దాచుకునే పద్ధతి, పండుగ పాట, అన్నీ తమ యాసలోనే వినిపిస్తారు. అడిగేవారూ చెప్పేవారూ ఒకే నేల మనుషులు. చదువు రాని స్త్రీని శ్రోతగానే కాక నిపుణురాలిగా నిలబెట్టడం నన్ను నిజంగా కదిలిస్తుంది. కాల్ సెంటర్ వల్ల ఆ పని కాదు.

అయితే రేడియో ప్రసారం చుట్టుపక్కల ఊళ్లు దాటదు, ప్రసార వేళ వరకు ఆగాలి. పురుగు ఆగదు. అందుకే తెగులు కనిపించిన రోజున ఫోనే చేయమంటాను. విత్తిన తేదీ, రకం, చివరిసారి కొట్టిన మందు పేరు దగ్గర పెట్టుకుని చేయండి. ఏ పంట వేయాలో ఆలోచించుకునే రోజుల్లో మాత్రం, అందే ఊళ్లలో, నా ఓటు రేడియోకే.